సారమేయుని తొలి మజిలీ



"క్యాంపింగు" అన్న ఆంగ్లపదానికి తెలుగులో ఏ మాట వాడవచ్చునని ఒక బ్లాగ్మిత్రులు నాకు ఉత్తరం వ్రాశారు. వారు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నారు. కొత్తగా తెచ్చుకొన్న కుక్కపిల్లను గండికోటకు తీసుకొనిపోయి, పెన్న లోయ అంచున గుడారం వేసుకొని, ఒక రాత్రి గడిపి రావాలని వారి కోరిక. ఆ ముచ్చటను టపాగా వ్రాసేటప్పుడు శీర్షికలో ఆంగ్లపదం ఉండరాదని పట్టుదల. ఇటువంటి పట్టుదల గలవారు మన మధ్య ఇంకా ఉన్నందుకు సంతోషిస్తున్నాను.

మాటకేమీ కొదవ లేదు. విడిది ఉన్నది గాని అది పెళ్ళివారికి అంటుకొనిపోయింది. శిబిరం మొదట సైన్యానికి, ఇప్పుడు కంటివైద్యులకు చెందింది. గుడారం వస్తువు పేరే గాని పని పేరు కాదు. బస అన్నప్పుడు సత్రమో, బంధువుల ఇల్లో తోస్తుంది. నా మట్టుకు మజిలీ అన్న మాట నచ్చుతుంది. అరబ్బీ 'మంజిల్' నుంచి వచ్చి మన నాలుకల మీద అరిగి తెలుగైపోయిన మాట అది. మధిర సుబ్బన్న దీక్షితులుగారి పుణ్యమా అని కాశీమజిలీలు తెలియని తెలుగువాడు ఉండడు. ఆ కథలలో మణిసిద్ధుని వెంట నడిచినవాడు పశువులు కాచుకొనే పిల్లవాడన్న సంగతి మాత్రం చాలామంది మరచిపోయారు. మజిలీ విద్య కాపరుల సొత్తు అని దీక్షితులుగారికి తెలిసినట్లున్నది.

మాట కుదిరింది గాని, పని సంగతి వేరు. కుక్కపిల్లను తొలిసారి ఇల్లు దాటించి, ఆరుబయట, చీకటిలో, పరాయి నేల మీద నిద్రపుచ్చడమన్నది మా అనంతపురం సీమలో కొత్త వినోదమేమీ కాదు. మా జీవాలవాళ్ళు (ఇక్కడ గొర్రెలనూ మేకలనూ కలిపి జీవాలంటారు) ప్రతి సంవత్సరం చేసే పని అది. అందులో వారికి తెలిసినది పట్నవాసులకు తెలియదు. పట్నవాసులకు తెలిసిన ఒకే ఒక్క సంగతి వారికి అందలేదు. ఇద్దరి దగ్గరా సగం సగం విద్య ఉన్నదని, ఆ రెండు సగాలూ కలవకపోవడం వలన ప్రాణాలు పోతున్నవని నా అభిప్రాయం. అది చెప్పడానికే ఈ టపా.

మా ప్రాంతం ఎరుగనివారికి నాలుగు మాటలు. 1882లో బళ్ళారి నుంచి విడిపోయి జిల్లా అయింది. 2022 ఏప్రిల్ 4న దక్షిణ భాగం శ్రీ సత్యసాయి జిల్లాగా వేరుపడింది. ఏడాది మొత్తానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అదైనా పడవలసిన నాడు పడదు. ఎర్రనేల, వేరుసెనగ, కంపచెట్లు, బండరాళ్ళ గుట్టలు. పంట నమ్మదగినది కానప్పుడు మనిషి కాళ్ళున్న ఆస్తిని నమ్ముకొంటాడు. గొర్రె కాళ్ళున్న ఆస్తి. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ మొదటిది (సుమారు 1 కోటి 91 లక్షలు), ఆంధ్రప్రదేశ్ రెండవది (సుమారు 1 కోటి 76 లక్షలు). మన రాష్ట్రపు లెక్కలో మా సీమ కురుబలు, గొల్లలు కాచే జీవాల పాలు చిన్నది కాదు.

కార్తీకంలో వేరుసెనగ పెరికివేత ముగిసి చేలు ఖాళీ అవగానే మందలు కదులుతవి. కొన్ని చుట్టుపక్కల ఊళ్ళకే, కొన్ని తుంగభద్ర ఎగువ కాలువ కింది మాగాణుల దాకా పోతవి. పగలంతా మేత. రాత్రికి ఎవరో ఒక రైతు తన చేలో మంద నిలపమంటాడు. గొర్రెల పెంట, పంచితం నేలకు బలం. అందుకు ప్రతిఫలంగా కాపరికి ఇన్ని గింజలో, ఇంత డబ్బో ముడుతుంది. చుట్టూ వల కడతారు. నడుమ జీవాలు, గంపల కింద లేతపిల్లలు, ఒక వైపున కంబళి పరచుకొని కాపరులు, మూడు రాళ్ళ పొయ్యి, సంగటి కుండ. ఒకటి రెండు రాత్రులకు పక్క చేను, ఆపైన ఇంకొక ఊరు. ఎన్ని మజిలీలో లెక్కపెట్టుకోండి. వల బయట, నాలుగు దిక్కులలో, నేల గోకి గుంట చేసుకొని పడుకొన్నవి కుక్కలు.

ఈ కుక్కలు సినిమాలలో చూపించే పరదేశపు గొర్రెకుక్కలవలె మందను మళ్ళించవు, తోలవు. మళ్ళించే పని కాపరి కూతది, ఈలది. కుక్క పని కావలి. తోడేలు వస్తే, చిరుత వస్తే, రాత్రివేళ జీవాలను ఎత్తుకొనిపోయే దొంగ వస్తే మొరగాలి, నిలబడాలి. మొరగడం పుట్టుకతో వస్తుంది. దేని కోసం మొరగాలో మాత్రం నేర్చుకోవాలి. ఆ చదువు మొదటి మజిలీలోనే జరుగుతుంది.

ఉద్యోగ విరమణ తరువాత సాయంకాలపు నడకలో మా ఊరి పొలిమేర చేలలో దిగిన మందల దగ్గర కూర్చోవడం నాకు అలవాటైంది. ఆ కాపరులలో కొందరు నా దగ్గర చదువుకొన్నవారు, మరికొందరు నా దగ్గర చదువు మానేసినవారు. ఒక ముసలికాపరి కంబళి మడతలో రెండు నెలల పిల్లను పెట్టుకొని కూర్చున్నాడు.

"ఏమప్పా, దీనికి పేరేం పెట్టినావు?" అని అడిగాను.

"పేరు యాడ సామీ! ఈ తిరుగుడు తిరిగి బతికొస్తే అప్పుడు పెడ్తాం," అన్నాడు.

ఆ మాటలో నిర్దయ లేదు. అతడు మాట్లాడుతూనే దాని చెవి వెనుక పట్టిన పిడుదును గోటితో తీసి నిప్పులో వేస్తున్నాడు. బతకనిదానికి పేరు పెట్టుకొంటే ఏడవవలసి వస్తుందని వారి ఆచారం. పాతకాలంలో మన ఇండ్లలో పుట్టిన పసికందులకు పెంటయ్య, పుల్లయ్య అని పేర్లు పెట్టడం కూడ ఇటువంటి భయం నుంచి వచ్చినదే కదా!

ఇంతకూ ఆ పిల్లకు వారు చేసేదేమిటి? మొదటి కొన్ని వారాలు దానిని వల లోపలనే ఉంచుతారు, గొర్రెపిల్లల నడుమ. చలికి అవి ఒకదాని నొకటి ఒరుసుకొని పడుకొన్నప్పుడు ఇదీ వాటిలో దూరుతుంది. గొర్రె వాసన దాని వాసన అవుతుంది. మాయ తినబోతే ఒక దెబ్బ. ఆటకైనా గొర్రెపిల్ల చెవి కొరికితే ఇంకొక దెబ్బ. జీవాల వెంటబడి పరుగెత్తే దుడుకుదైతే మెడలో గుదికొయ్య కడతారు. పరుగెత్తితే అది మోకాళ్ళకు తగులుతుంది. పెద్దకుక్కలు మొరిగినప్పుడు ఇదీ లోపలి నుంచి కీచుమంటుంది. నాలుగైదు నెలల నాటికి తనంతట తానే వల దాటి బయట పడుకొంటుంది. ఆ రాత్రి నుంచి అది ఉద్యోగి.

చార్లెస్ డార్విన్ 1833లో దక్షిణ అమెరికాలోని నేటి ఉరుగ్వే ప్రాంతంలో గొర్రెల కావలికుక్కలను చూచి ఆశ్చర్యపోయి తన యాత్రాగ్రంథంలో వ్రాశాడు. అక్కడివారు కుక్కపిల్లను చాలా చిన్నప్పుడే తల్లి నుంచి వేరు చేసి, రోజుకు మూడు నాలుగు మార్లు ఒక గొర్రెను పట్టి నిలిపి దాని పాలు తాగించేవారట. దొడ్డిలో ఉన్నితో గూడు చేసి అందులో పడుకోబెట్టేవారట. ఇతర కుక్కలతో గాని, ఇంటి పిల్లలతో గాని కలవనిచ్చేవారు కారట. అది పెరిగిన తరువాత మందను తన కుటుంబమనుకొని కాచేదట. ఎక్కడి ఉరుగ్వే, ఎక్కడి అనంతపురం! డార్విను పుస్తకం చదవని మా కురుబ ముసలివాడు సరిగ్గా అదే చేస్తున్నాడు. తరువాతి కాలంలో స్కాట్, ఫుల్లర్ అన్న అమెరికా శాస్త్రజ్ఞులు కుక్కపిల్లలపై ఏండ్ల తరబడి పరిశోధించి 1965లో ప్రకటించిన గ్రంథంలో, సుమారు మూడవ వారం నుంచి పన్నెండవ వారం వరకు కుక్కపిల్ల మనసు తెరచి ఉంటుందని, ఆ దినాలలో ఎవరితో మెలగితే వారిని తనవారనుకొంటుందని తేల్చారు. ఆ గడువు దాటిన తరువాత కొత్తదేదైనా దానికి మొదట భయమే.

పట్నవాసులు మా కాపరి నుంచి నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇది. రెండేళ్ళు అపార్టుమెంటు గచ్చు మీద పెంచి, ఒకనాడు ఉన్నట్టుండి కారెక్కించి, కొండ అంచున గుడారంలో పడవేసి, అది రాత్రంతా వణుకుతూ మూలుగుతూ ఉంటే "దీనికి ప్రకృతి పడదు" అని తీర్పు చెప్పేవారిని నేను చూశాను. అప్పటిదాకా దానికి ప్రకృతిని చూపించినవారెవరు? తొలి మజిలీ ఇంటి మిద్దె మీద జరగాలి. రెండవది పెరటిలో, మూడవది తెలిసినవారి తోటలో. గండికోట ఆ తరువాత. మా కాపరి కూడ కుక్కపిల్లను మొదటి రాత్రే అడవిగట్టున కావలి పెట్టడు.

రెండవ పాఠం ఋతువు. కార్తీకం నుంచి మాఘం దాకా సరే. ఫాల్గుణం దాటితే ఈ నేల మీద ఎవరి కుక్కనూ విహారానికి తీసుకొనిరావద్దని నా ప్రార్థన. కుక్కకు మనవలె ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి వగర్చడమే దానికి ఉన్న ఉపాయం. ఎండలో కాగిన బండ మీద మీ అరచేతి వెనుకవైపు కొన్ని క్షణాలు ఆనించి ఉంచలేకపోతే దాని పాదాలు కూడ నిలువలేవు. ఇక సైబీరియా మంచు కోసం పుట్టిన రెండు పొరల బొచ్చు కుక్కలను నలభై డిగ్రీలు దాటే అనంతపురానికి తెచ్చేవారి గురించి ఏమనాలో నాకు నిఘంటువులో మాట దొరకలేదు. మందకుక్క మధ్యాహ్నం పూట ఏం చేస్తుందో చూడండి: కంపచెట్టు నీడన తడినేల గోకి, పొట్ట ఆనించి, సాయంకాలం వరకు కదలదు. మనిషి లేపినా లేవదు. పెంపుడుకుక్క పాపం యజమాని పిలిస్తే లేస్తుంది, ఎండలో పరుగెత్తుతుంది, పడిపోతుంది.

మూడవది చిరుత. మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ జిల్లాలో (2024 నుంచి అహిల్యానగర్) పొలాల నడుమ తిరిగే చిరుతల ఆహారాన్ని పరిశోధకులు పరిశీలిస్తే, అందులో అన్నిటికంటె పెద్ద భాగం, బరువు లెక్కన 39 శాతం, పెంపుడు, ఊరకుక్కలదే అని తేలింది. గొర్రెకంటె, మేకకంటె కుక్కనే ఎక్కువగా తిన్నది. మా గుట్టలలోనూ చిరుతలున్నవి, ఎలుగులున్నవి. గుడారం బయట కుక్కను కట్టివేసి లోపల నిద్రపోవడమంటే దానిని ఎరగా కట్టడమే. హిమాలయాల కాపరులు తమ కుక్కల మెడకు ఇనుపముళ్ళ పట్టీలు వేస్తారు. మా వాళ్ళు పిల్లను వల లోపల ఉంచుతారు. మీరు గుడారం లోపల ఉంచండి, అంతే.

ఇక కాపరికి అందని సగం గురించి. అసలు నా బాధ ఇక్కడనే ఉన్నది.

కుక్కపిల్ల మనసు తెరచి ఉండే గడువు పన్నెండు వారాలన్నాను. దురదృష్టమేమంటే దాని ఒంటికి రోగాలను ఎదిరించే బలం ఆ గడువులోగా రాదు. తల్లిపాల వలన వచ్చిన రక్షణ తరిగిపోతూ ఉంటుంది. డిస్టెంపరు, పార్వో అన్న రెండు మహమ్మారుల టీకాలు ఆరవ, ఎనిమిదవ వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల ఎడంతో పదహారవ వారం దాకా వేయాలి. పిచ్చికుక్క వ్యాధి టీకా సాధారణంగా పన్నెండవ వారంలో. అంటే చదువుకు సరైన వయసు, ప్రమాదకరమైన వయసు ఒకటే. పట్నంలో వైద్యుడు "టీకాలు పూర్తయ్యేదాకా బయటకు తేవద్దు" అంటాడు. తెరచిన తలుపు ఆలోగా మూసుకొంటుంది. మందలో టీకా ఊసే ఉండదు. చదువు అబ్బుతుంది గాని ప్రాణం దైవాధీనం. పేరు పెట్టకుండా ఆగడంలోని అర్థం ఇదే. ఈ చిక్కుకు విరుగుడు ఒకటే: మొదటి టీకా వేయించి మందకు పంపాలి, మిగిలినవి మంద దగ్గరకు పోయి వేయాలి.

"మందకుక్క చస్తే ఇంకొకటి పుడుతుంది, దానికింత చర్చ ఎందుకు?" అని ఎవరైనా అంటే వారికి రెండు సంగతులు చెప్పవలసి ఉన్నది.

మొదటిది. ఏడెనిమిదేళ్ళ కిందట నా పూర్వ విద్యార్థి ఒకనిని మందలోని సొంత కుక్కపిల్లే కరిచింది. గాయాన్ని సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు పారే నీటిలో కడగాలి. చేలో తాగడానికే నీళ్ళు కుండెడు. సూది మందు ఉచితమే, కాని అది మొదటి రోజు, మూడవ రోజు, ఏడవ రోజు, ఆ తరువాత మళ్ళీ, ఇట్లా నాలుగైదు మార్లు వేయించుకోవాలి. ఆ నాలుగు మార్లలోపల మంద నాలుగు ఊళ్ళు దాటుతుంది. నూరు జీవాలను ఎవరికి అప్పజెప్పి పోవాలి? అతడు రెండు సూదులు వేయించుకొని మానివేశాడు. కరిచిన కుక్క పది రోజుల తరువాత కూడ ఆరోగ్యంగా తిరుగుతూ ఉండడం వలన అతనికి ప్రమాదం లేదని తేలింది. అంతవరకు వాళ్ళమ్మ అన్నం తినలేదు. లక్షణాలు పైకి వచ్చిన తరువాత ఈ వ్యాధికి మందు లేదన్న సంగతి అందరికీ తెలుసు. పారిసులో లూయీ పాశ్చరు జోసెఫ్ మైస్టర్ అన్న తొమ్మిదేళ్ళ బాలునికి తొలి టీకా వేసినది 1885 జూలై 6న. నూట నలభై ఏండ్లు దాటినా ఆ టీకా మా పొలిమేర చేను దాకా నడిచి రాలేదు.

రెండవది కాపరికే ఎక్కువగా అర్థమయ్యే సంగతి. మందలో అప్పుడప్పుడు ఒక గొర్రె తల పక్కకు వాల్చుకొని, ఒకే వైపుకు గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. చూపు తగ్గుతుంది, మేత మానివేస్తుంది, చివరకు పడిపోతుంది. గాలి సోకిందని, దిష్టి అని అంటారు. చచ్చిన గొర్రె పుర్రె పగులగొట్టి చూస్తే మెదడులో నీళ్ళతిత్తి కనిపిస్తుంది. ఆ తల ఎందుకూ పనికిరాదని కుక్కకు వేస్తారు. జబ్బు అక్కడనే మళ్ళీ పుడుతుంది! ఆ తిత్తిలో ఉన్నవి బద్దెపురుగు పిల్లలు. కుక్క పేగులో అవి పెద్దవై గుడ్లు పెడతవి. ఆ గుడ్లు కుక్క విసర్జన వెంట గడ్డి మీద పడతవి. ఆ గడ్డి మేసిన గొర్రె మెదడుకు మళ్ళీ పిల్లపురుగు చేరుతుంది. చక్రం తిరుగుతూ ఉంటుంది, గొర్రె తిరుగుతూ ఉంటుంది. దీనికి సోదరి వంటి మరొక పురుగు ఉన్నది. దాని తిత్తులు మనిషి కాలేయంలో, ఊపిరితిత్తులలో పెరుగుతవి. కుక్కపిల్లతో ఆడుకొని చేతులు కడగకుండా సంగటి తినే పసివాళ్ళకు ఆ గండం ఎక్కువ.

ఈ చక్రాన్ని ఆపడానికి కావలసినవి రెండు. చచ్చిన గొర్రె తలను, లోపలి అవయవాలను కుక్కకు పచ్చిగా వేయకుండా కాల్చివేయడమో, లోతుగా పూడ్చడమో మొదటిది. మూడు నెలల కొకసారి కుక్కకు బద్దెపురుగుల మాత్ర వేయడం రెండవది. గొర్రెలకు నట్టల మందు తాగించడం మా కాపరులకు బాగా తెలుసు. పశువైద్య సిబ్బంది మందల దగ్గరకు వచ్చి తాగిస్తారు కూడ. నూరు గొర్రెలకు మందు పోసి, వాటికి పురుగును అంటించే నాలుగు కుక్కలను వదలిపెట్టి పోవడం నేను కండ్లారా చూశాను. ఆ కుక్కలు ఆ చుట్టుపక్కలనే తోక ఊపుతూ నిలబడి ఉన్నవి. అడిగితే, తమ జాబితాలో కుక్క లేదన్నారు. వారిని తప్పుపట్టను, జాబితా వ్రాసినవారు మందను చూడలేదు.

లేనిది ఆ జాబితాలోనే కాదు. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు కుక్కలను పెంపుడువని, వీధివని రెండు తెగలు చేసినవి. 2025 ఆగస్టు 22న సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన ఉత్తరువుపై దేశమంతా వాదించుకొన్నది వీధికుక్కల గురించి. పత్రికలలో, చిత్రాలలో మజిలీలు చేసేవి పెంపుడుకుక్కలు. ఇంటికీ వీధికీ చెందని, చేనుకు చెందిన ఈ మూడవ కుక్క ఎవరి లెక్క? దానికి యజమాని ఉన్నాడు గాని ఇల్లు లేదు. పని ఉన్నది గాని పేరు లేదు.

మన సాహిత్యం కూడ దానికి పెద్దగా చేసినదేమీ లేదు. ఋగ్వేదం పదవ మండలంలో ఇంద్రుని కుక్క సరమ, పణులు దాచిన ఆవులను వెదకుతూ నది దాటి పోతుంది. పశువుల కోసం దూరదేశం పోయిన మొట్టమొదటి కుక్క అదేననుకొంటాను. ఆ సరమ కొడుకులే సారమేయులు. కుక్కకు ఆ పేరు అందుకే వచ్చింది. నన్నయగారి ఆదిపర్వం తెరవగానే, నేరం చేయని తన బిడ్డను జనమేజయుని తమ్ములు కొట్టారని సరమ వచ్చి నిలదీస్తుంది. మహాప్రస్థానంలో పాండవులు, ద్రౌపది కాక ఏడవ యాత్రికునిగా కుక్క నడుస్తుంది. దానిని విడిచి స్వర్గానికి రానంటాడు ధర్మరాజు. భారతం కుక్కతో మొదలై కుక్కతో ముగుస్తున్నదని తరగతిలో చెబితే పిల్లలు నవ్వేవారు. కాని ఆ తరువాతి మన శతకకారులకు కుక్క నీచోపమానానికి మాత్రమే పనికివచ్చింది. కాపరుల దేవుడు మైలారలింగడు ఒక్కడు మాత్రం కుక్కను వెంటబెట్టుకొన్నాడు; ఆయన గొరవయ్యలు కుక్కలవలె మొరిగి తమ దాస్యం చాటుకొంటారు. పండితులు విడిచిన మర్యాదను పామరులు నిలబెట్టారు. (భాషాప్రవీణ చదివిన నేను ఈ మాట అనడం మా గురువులు విని ఉంటే ఏమనేవారో!)

మరొక వైపు కూడ చెప్పాలి. కుక్క టీకా అడవికీ కావాలి. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో డిస్టెంపరు సోకి సుమారు వేయి సింహాలు, అనగా మూడింట ఒక వంతు, చనిపోయినవి. చుట్టుపక్కల గ్రామాల కుక్కల నుంచి అది పాకినట్లు తేల్చారు. 2018లో మన గిర్ అడవిలో కొద్ది వారాలలో ఇరవైకి పైగా సింహాలు చనిపోయినప్పుడు కూడ వాటిలో ఆ క్రిమి కనబడింది. మా సీమలో సింహాలు లేవు. తోడేళ్ళున్నవి, నక్కలున్నవి, అవి కుక్క జాతివే, ఆ రోగం వాటికి మరింత సులభంగా అంటుతుంది. నేల మీద గుడ్లు పెట్టే పక్షుల సంగతి సరేసరి. బట్టమేక పక్షి కోసం 1988లో రోళ్ళపాడు అభయారణ్యం ఏర్పాటైంది. ఇప్పుడు ఆ పక్షి కనబడడమే గగనమైంది. అందుచేత విహారానికి వచ్చేవారు కుక్కను గడ్డిబీళ్ళలో గొలుసు విప్పి వదలవద్దు. "ఒక్క పూట స్వేచ్ఛగా పరుగెత్తనీ" అనడం వినడానికి బాగుంటుంది. గూటిలోని పక్షికి అది బాగుండదు.

మందకుక్కలు వన్యమృగాలను తరుముతవి కదా, వాటినెందుకు వెనకేసుకొని వస్తారని ఒక మిత్రులు అడుగవచ్చు. తరుముతవి, నిజమే. కాని చక్కగా మందలో పెరిగిన కుక్క మందను విడిచి ఎక్కువ దూరం పోదు. పోయేది సరిగా నేర్పనిది, తిండి పెట్టనిది. కావలికుక్క లేని కాపరి తోడేలుకు విషం పెడతాడు. చచ్చిన జీవం మీద విషం చల్లితే తోడేలుతో పాటు రాబందూ, నక్కా, ఊరకుక్కలూ పోతవి. వన్యప్రాణి రక్షణ చట్టం తోడేలును మొదటి షెడ్యూలులో పెట్టింది గాని, రాత్రి మూడు గంటలకు మంద దగ్గర చట్టం ఉండదు. ఉండేది కుక్కే. మంచి కుక్క ఉంటే తోడేలూ బతుకుతుంది, గొర్రే బతుకుతుంది.

కాబట్టి నేను కోరేది పెద్ద పథకమేమీ కాదు. ఏటా జూలై 6న జూనోసిస్ దినమని పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితంగా టీకా వేస్తారు. గొలుసుకు అలవాటుపడిన పట్నపు కుక్కలు కార్లలో వస్తవి. మందకుక్క గొలుసు ఎరుగదు, మందను విడిచి నడవదు, కాపరి కూడ విడిచి రాలేడు. టీకాయే మంద దగ్గరకు పోవాలి. అది 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మంచుగడ్డల పెట్టె ఒకటి చాలు. 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు మన రాష్ట్రంలో 2022లో మొదలైనవి. గొర్రె కోసం మంద దాకా పోయిన బండిలో కుక్క టీకా నాలుగు సీసాలు పెట్టడానికి చోటు లేకపోదు. నట్టల మందు పట్టికలో "గొర్రెలు, మేకలు" అన్న వరుస కింద "మందకుక్కలు" అని ఒక గడి గీయాలి. పదిహేను ఇరవై కిలోల కుక్కకు రెండు మాత్రలు సరిపోతవి. ఒక గొర్రె వెల ఎంతో తెలిసినవారు ఆ రెండు మాత్రల ఖర్చుకు వెనుకాడరు.

మా మిత్రులు గండికోటకు బయలుదేరేటప్పుడు తమ కుక్కపిల్ల టీకాల పుస్తకంతో పాటు ఒక పని చేయగలరేమో ఆలోచించాలి. దారిలో ఏ చేనుగట్టున మంద కనబడినా కారు దూరంగా ఆపి (తమ కుక్కను దింపవద్దు, అక్కడి కుక్కలు ఊరుకోవు), కాపరితో మాట్లాడి, అతని కుక్కలు ఎన్ని, టీకా ఎప్పుడైనా వేశారా, మంద ముందు ఏ ఊరు పోతుంది అని అడిగి వ్రాసుకొని నాకు పంపితే చాలు. మంద దిగే ఊళ్ళు, నెలలు పట్టికగా కూర్చితే వైద్యబృందం ఎక్కడికి రావాలో చెప్పడం తేలికవుతుంది. మా ఊరి చుట్టు దిగే పదకొండు మందల వివరాలు నేను ఇప్పటికే వ్రాసి పెట్టాను; నలభై మూడు కుక్కలు, అందులో తొమ్మిది పిల్లలు. వాటిని జతపరచి పశుసంవర్ధక శాఖవారికి ఒక విజ్ఞాపన పంపాను. జవాబు వచ్చిన నాడు ఇక్కడనే తెలియజేస్తాను. కురుబ ముసలివాని పిల్ల వల దాటి బయట పడుకోవడం మొదలుపెట్టిందట. పేరు ఇంకా పెట్టలేదు.